జుట్టు పల్చబడుతోందా..? పీఆర్‌పీ ఇంజెక్షన్లకు వేలు పోసే ముందు ఈ లెక్క చూసుకోండి!

కోయిలకుంట్ల: ఫోన్ ఓపెన్ చేస్తే చాలు.. ఒక రీల్ తర్వాత ఇంకో రీల్. ఎడమవైపు పల్చటి నెత్తి, కుడివైపు నిండైన జుట్టు. కింద 'మీ రక్తంతోనే మీ జుట్టు.. ఆపరేషన్ లేదు, సైడ్ ఎఫెక్ట్స్ లేవు' అని పెద్ద అక్షరాలు. కర్నూలు, కడప, నంద్యాల, ప్రొద్దుటూరు.. ఏ టౌన్‌కు వెళ్లినా హెయిర్ క్లినిక్ బోర్డు మీద ఇప్పుడు వినిపించే మాట పీఆర్‌పీ.

కుందూ నది పక్కనున్న కోయిలకుంట్ల లాంటి ఊరి నుంచి చూస్తే ఇది చిన్న ఖర్చేమీ కాదు. పాతికేళ్ల కుర్రాడు ఒకడు ఉన్నాడనుకుందాం. ముందు నెత్తి ఖాళీ అవుతోంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. క్లినిక్ ఫోన్ చేసి 'నాలుగు సిట్టింగ్‌లు, ప్యాకేజీలో తగ్గిస్తాం' అంటుంది. ఒక్కో సిట్టింగ్‌కు ఊరిని బట్టి, క్లినిక్‌ని బట్టి మూడు నాలుగు వేల నుంచి పది వేలకు పైగా అడుగుతున్నారు. సగటున ఐదు వేలనుకున్నా నాలుగింటికి 20 వేలు. నంద్యాలకో, కర్నూలుకో బస్సు ఛార్జీలు, పోయే కూలి రోజులు దీనికి అదనం. శనగలు అమ్మిన డబ్బుల్లోంచి తీసివ్వాల్సిన సొమ్ము ఇది. ఆరోగ్య బీమా కూడా రాదు, అందం కోసం చేయించుకునే చికిత్సల కిందకే దీన్ని లెక్కేస్తారు.

మరి పనిచేస్తుందా..? ఒక్క ముక్కలో చెప్పాలంటే.. కొందరికి, కొంతవరకు, చేయిస్తూ ఉన్నంతకాలం. ఆ 'కొందరు' ఎవరు, ఆ 'కొంత' ఎంత అన్నది తెలియకుండా డబ్బు కట్టడమే అసలు సమస్య.

అసలు పీఆర్‌పీ అంటే ఏంటి?

ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా. ప్లేట్‌లెట్స్ అనే మాటను డెంగీ పుణ్యమా అని ఇప్పుడు ఊరూరా అందరూ వినే ఉన్నారు. గాయమైతే రక్తం గడ్డకట్టించే కణాలవి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక మైక్రోలీటర్ రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. రక్తం ఆపడంతోనే వాటి పని అయిపోదు. గాయం మానడానికి అవసరమైన గ్రోత్ ఫ్యాక్టర్లు, అంటే కణాలను పెరగమని ప్రేరేపించే ప్రొటీన్లు, వాటిలో మూటగట్టి ఉంటాయి.

చేసే పద్ధతి ఇలా ఉంటుంది. చేతి నరం నుంచి మామూలుగా 10 నుంచి 30 మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. దాన్ని ట్యూబులో పోసి సెంట్రిఫ్యూజ్ అనే మిషన్‌లో గిర్రున తిప్పుతారు. మజ్జిగ చిలికితే వెన్న విడిపోయినట్టు ఎర్రకణాలు అడుగుకు పోతాయి, పైన పసుపు రంగు ప్లాస్మా తేలుతుంది. అందులో ప్లేట్‌లెట్స్ చిక్కగా ఉండే భాగాన్ని సిరంజిలోకి తీసుకుని జుట్టు పల్చబడిన చోట సన్నటి సూదితో చాలా పాయింట్లలో ఎక్కిస్తారు. మొత్తం గంట లోపు పని. సాధారణంగా నెలకొకసారి చొప్పున మూడు సార్లు, ఆ తర్వాత మూడు నుంచి ఆరు నెలలకోసారి మళ్లీ చేస్తారు.

ఇది మొదట జుట్టు కోసం పుట్టింది కాదు. 1998లో అమెరికాకు చెందిన దవడ శస్త్రచికిత్స నిపుణుడు రాబర్ట్ మార్క్స్ బృందం దవడలో ఎముక అతికించేటప్పుడు దీన్ని వాడి ఫలితాలు ప్రచురించింది. ఆ తర్వాత మోకాళ్లకు, క్రీడాకారుల గాయాలకు వాడకం పెరిగింది. 2006లో బ్రెజిల్ సర్జన్ కార్లోస్ ఉబెల్ బృందం హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌లో నాటే వెంట్రుకలకు దీన్ని వాడి చూసింది. అక్కడి నుంచి జుట్టు క్లినిక్‌ల దారి పట్టింది.

నీళ్ల తప్పా.. మేనమామ తప్పా?

రాయలసీమలో జుట్టు ఊడితే మొదటి నింద బోరు నీళ్ల మీద పడుతుంది. ఉప్పు నీళ్లు, సున్నపు నీళ్లు అంటారు. ఆ తర్వాత హెల్మెట్, ఆ తర్వాత షాంపూ. కఠిన జలం వల్ల వెంట్రుక గరుకుగా, పొడిబారినట్టు అయ్యే మాట నిజమే. కానీ మగవాళ్లకు నుదురు రెండు మూలల నుంచి, నడినెత్తి నుంచి వరుసగా వచ్చే బట్టతలకు కారణం నీళ్లు కావు. అది లోపలి నుంచి వచ్చేది.

డాక్టర్లు దీన్ని ఆండ్రోజెనెటిక్ అలోపీషియా అంటారు. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ శరీరంలో డీహెచ్‌టీగా మారుతుంది. వంశపారంపర్యంగా ఆ లక్షణం ఉన్నవాళ్ల నెత్తి ముందు భాగంలోని వెంట్రుక కుదుళ్లు ఈ డీహెచ్‌టీని తట్టుకోలేవు. వెంట్రుక ఒక్కసారిగా ఊడిపోదు. ప్రతి విడతా ముందుకన్నా సన్నగా, పొట్టిగా మొలుస్తుంది. దిట్టమైన వెంట్రుక నూగులా తయారవుతుంది. చివరికి కుదురే మూసుకుపోతుంది. 1942లోనే అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ హామిల్టన్ ఈ హార్మోన్ సంగతి గమనించారు. యుక్తవయసుకు ముందే వృషణాలు తొలగించిన మగవాళ్లకు ఈ రకం బట్టతల రాలేదని ఆయన రాశారు. బట్టతల ఏ దశలో ఉందో చెప్పడానికి డాక్టర్లు ఇవాళ్టికీ వాడే స్కేల్‌లో ఆయన పేరు ఉంది.

ఇక మేనమామ సంగతి. 'మేనమామకు బట్టతల ఉంటే మేనల్లుడికి తప్పదు' అనే మాటలో సగం నిజం ఉంది. హార్మోన్‌కు స్పందించే కీలక జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లాడికి అది తల్లి నుంచే వస్తుంది. కానీ బట్టతలకు సంబంధించిన జన్యువులు ఇంకా చాలా ఉన్నాయి, అవి నాన్న వైపు నుంచి కూడా వస్తాయి. కాబట్టి నింద మొత్తం మేనమామ మీదే వేయడం కుదరదు!

ఇంకో నమ్మకం.. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని. తిరుమలలోనో, అహోబిలంలోనో తలనీలాలు ఇచ్చి వచ్చాక మొలిచే జుట్టు మొదట్లో ముదురుగా అనిపిస్తుంది. కొస తెగిన వెంట్రుక మొద్దుగా ఉంటుంది కాబట్టి అలా కనిపిస్తుంది, అంతే. కుదుళ్ల సంఖ్య మారదు. మొక్కు మొక్కే, చికిత్స చికిత్సే.

ఆడవాళ్లలో తీరు వేరు. నుదురు మీద గీత అలాగే ఉండి పాపిట వెడల్పవుతూ వస్తుంది. జడ సన్నబడుతుంది. వీళ్లలో పీసీఓఎస్, థైరాయిడ్, రక్తహీనత ఉన్నాయేమో ముందు చూడాలి. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. అలాంటి శరీరం నుంచే ఇంకో 30 మిల్లీలీటర్ల రక్తం తీసి నెత్తికి ఎక్కించే ముందు, ఐరన్ ఎంత ఉందో చూడటం కనీస పని కదా.

పరిశోధనలు ఏం తేల్చాయి?

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవాలి. 'సైంటిఫిక్‌గా ప్రూవ్ అయింది' అని క్లినిక్ చెప్పే మాటకూ, అసలు ఫలితాలకూ మధ్య తేడా ఇక్కడే ఉంది.

అనుకూలంగా వచ్చిన వాటిలో ఎక్కువగా చెప్పేది 2015లో ఇటలీలో జెంటైల్ బృందం చేసిన అధ్యయనం. ఒకే మనిషి నెత్తిలో సగం వైపు పీఆర్‌పీ, మిగతా సగం వైపు ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించారు. మూడు విడతల తర్వాత పీఆర్‌పీ ఇచ్చిన వైపు చదరపు సెంటీమీటర్‌కు సగటున 45.9 వెంట్రుకలు పెరిగాయి. బాగుంది. కానీ లెక్కలో ఉన్నది 20 మంది. వాళ్లలో నలుగురికి ఏడాది తిరిగేసరికి జుట్టు మళ్లీ పల్చబడటం మొదలైంది. 2016లో అల్వెస్, గ్రిమాల్ట్ అనే ఇద్దరు పరిశోధకులు 25 మందిపై ఇలాగే సగం నెత్తి పద్ధతిలో చేసిన పరీక్షలోనూ పీఆర్‌పీ వైపే మొగ్గు కనిపించింది.

మన దేశంలో 2014లో పుణె డాక్టర్లు 11 మందికి నాలుగు సార్లు ఇచ్చి చూశారు. చదరపు సెంటీమీటర్‌కు సగటున 22 కుదుళ్ల మేర పెరుగుదల కనిపించింది. అయితే ఇందులో పోల్చి చూడటానికి పీఆర్‌పీ ఇవ్వని గుంపు లేదు.

ఇప్పుడు రెండో వైపు. అదే 2016లో ఇరాన్‌లో మాపర్ బృందం 17 మంది మగవాళ్లకు రెండు సార్లు ఇచ్చి చూస్తే తేడా ఏమీ కనిపించలేదు. అమెరికాలో పుయిగ్ బృందం 26 మంది మహిళలపై చేసిన పరీక్షలోనూ వెంట్రుకల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అక్కడ ఇచ్చింది ఒక్కసారే కాబట్టి సరిపోలేదని పీఆర్‌పీని సమర్థించేవాళ్లు అంటారు. ఆ వాదనలో పస ఉంది. ఆ తర్వాత 2020లో న్యూయార్క్‌లో 30 మంది మహిళలపై మూడు విడతలుగా ఇచ్చిన పరీక్షలో జుట్టు ఒత్తు పెరిగినట్టు తేలింది.

ఇన్ని పరీక్షలు కలిపి చూసిన సమీక్షలు మొత్తం మీద పీఆర్‌పీ వైపే మొగ్గాయి. వెంట్రుకల సాంద్రత పెరుగుతోందనే అన్నాయి. కానీ ప్రతి సమీక్షా ఒకే ఫిర్యాదు చేసింది.. 11 మంది, 17 మంది, 25 మంది.. ఇంత చిన్న గుంపులతో గట్టిగా చెప్పడం కష్టం. పైగా ఏ ఇద్దరూ ఒకే రకంగా పీఆర్‌పీ తయారు చేయలేదు. ఒకరు మిషన్‌లో ఒకసారి తిప్పుతారు, ఇంకొకరు రెండుసార్లు. ఒకరు ఎక్కించేముందు కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, ఇంకొకరు కలపరు. ప్లేట్‌లెట్స్ మామూలు రక్తం కన్నా మూడు నుంచి ఐదు రెట్లు చిక్కబడాలని సాధారణంగా చెబుతారు. కానీ తీసిన ప్లాస్మాలో అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే క్లినిక్‌లు అరుదు. పారాసెటమాల్ 500 అంటే ఏ షాపులో కొన్నా 500 మిల్లీగ్రాములే. పీఆర్‌పీ అలా కాదు. పేరు ఒకటే, సిరంజిలో ఉన్నది వేరు వేరు. ఒక ఊళ్లో ఒకరికి బ్రహ్మాండంగా పనిచేసి, పక్క ఊళ్లో ఇంకొకరికి చుక్కెదురు కావడానికి ఇదీ ఒక కారణం.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా పీఆర్‌పీని జుట్టు చికిత్సగా ఆమోదించలేదు. ప్లాస్మా తయారు చేసే పరికరాలకు వేరే అవసరాల కోసం అనుమతులు ఉన్నాయి. వాటిని డాక్టర్లు తమ విచక్షణతో జుట్టుకు వాడుతున్నారు. 'ఎఫ్‌డీఏ అప్రూవ్డ్' అని ఎవరైనా పోస్టర్ వేస్తే, అది మిషన్‌కా, కిట్‌కా, చికిత్సకా అని అడగాల్సిందే.

సూదికే సగం పనా..?

ఇంకో ఆసక్తికరమైన సంగతి. 2013లో ముంబైలో డాక్టర్ రచితా ధురత్ బృందం 100 మంది మగవాళ్లతో ఒక పరీక్ష చేసింది. ఒక గుంపుకు మినాక్సిడిల్ అనే పూత మందు మాత్రమే ఇచ్చారు. రెండో గుంపుకు మినాక్సిడిల్‌తో పాటు వారానికోసారి చిన్న చిన్న సూదులున్న రోలర్‌తో నెత్తి మీద గుచ్చారు. రక్తం తీయలేదు, ప్లాస్మా ఎక్కించలేదు. 12 వారాల తర్వాత లెక్కపెట్టిన చోట మందు మాత్రమే వాడినవాళ్లకు సగటున 22.2 వెంట్రుకలు పెరిగితే, సూదులు కూడా గుచ్చినవాళ్లకు 91.4 పెరిగాయి.

అంటే చిన్న గాయం చేస్తేనే చర్మం మరమ్మతు పని మొదలుపెట్టి కుదుళ్లను కదిలించే అవకాశం ఉంది. మరి పీఆర్‌పీ పేరుతో నెత్తి మీద అన్నిసార్లు గుచ్చినప్పుడు వచ్చే లాభంలో ప్లాస్మా వాటా ఎంత, సూది వాటా ఎంత? ఇటలీ పరీక్షలో రెండో వైపు ఉప్పునీళ్లు ఎందుకు ఎక్కించారో ఇప్పుడు అర్థమవుతుంది. రెండు వైపులా సూది గుచ్చితేనే ఆ వాటా తేలుతుంది. ఇలా పోల్చని అధ్యయనాల అంకెలను కొంచెం తగ్గించుకుని చదువుకోవాలి.

జ్వరం తర్వాత ఊడితే.. ఆగండి!

ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. డెంగీ, టైఫాయిడ్, కోవిడ్ లాంటి గట్టి జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు జుట్టు కుప్పలుగా ఊడుతుంది. కాన్పు తర్వాత తల్లులకూ అంతే. ఉన్నట్టుండి బరువు బాగా తగ్గినా ఇదే జరుగుతుంది. దువ్వెన నిండా, దిండు మీదా, బాత్రూమ్ జాలీలోనూ జుట్టే. దీన్ని టెలోజన్ ఎఫ్లూవియం అంటారు. శరీరం షాక్ తిని ఎక్కువ కుదుళ్లను ఒకేసారి విశ్రాంతి దశలోకి పంపేస్తుంది.

ఇది బట్టతల కాదు. కారణం పోతే చాలామందికి ఆరు నెలల్లో దానంతట అదే తగ్గి జుట్టు తిరిగి వస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. జ్వరం వచ్చిన మూడో నెలలో భయపడి క్లినిక్‌కు వెళ్తారు. నెలకొకటి చొప్పున మూడు సిట్టింగ్‌లు చేయిస్తారు. ఆరో నెలకు ఎలాగూ రావాల్సిన జుట్టు వస్తుంది. పేరు మాత్రం పీఆర్‌పీకి. ఆ ఫోటోలే తర్వాత రీల్స్‌లో తిరుగుతాయి.

గుండ్రంగా, రూపాయి బిళ్లంత మేర జుట్టు మొత్తం ఊడితే అది ఇంకో జబ్బు. మన ఊళ్లలో పేనుకొరుకుడు అంటారు. పేనుకు దానికి సంబంధం లేదు. శరీర రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది, దానికి చికిత్స వేరు. నెత్తి మీద పొలుసులు, దురద, చీము ఉంటే తామర లాంటి ఇన్ఫెక్షన్ కావచ్చు. అలాంటి చోట సూది గుచ్చడమే ప్రమాదం. అందుకే ఏ రకం ఊడటమో చర్మవ్యాధుల డాక్టర్ చూసి చెప్పకముందే ప్యాకేజీ మాట్లాడుకోవడం దండగ.

ముందు వాడాల్సినవి ఏవి?

బట్టతలకు గట్టి ఆధారం ఉన్న మందులు రెండు. మినాక్సిడిల్ పూత, ఫినాస్టెరైడ్ మాత్ర. మినాక్సిడిల్ నిజానికి బీపీ మాత్ర. వాడినవాళ్లకు ఒంటి మీద వెంట్రుకలు పెరుగుతున్నాయని గమనించి నెత్తికి పూతగా మార్చారు. 1988లో అమెరికాలో మగవాళ్ల బట్టతలకు అనుమతి వచ్చింది. ఫినాస్టెరైడ్ ఒక మిల్లీగ్రాము మాత్రకు 1997లో అనుమతి వచ్చింది. ఇది టెస్టోస్టిరాన్ డీహెచ్‌టీగా మారకుండా అడ్డుపడుతుంది. అంటే బట్టతల వేరు మీదే పని చేస్తుంది. వీటిపై పరీక్షలు వందల, వేల మందితో జరిగాయి. ఖర్చూ నెలకు వందల్లోనే.

మరి జనం వీటిని ఎందుకు మధ్యలో వదిలేస్తారు? మినాక్సిడిల్ మొదలుపెట్టిన మొదటి కొన్ని వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ ఊడుతుంది. పాత వెంట్రుకను తోసేసి కొత్తది రావడానికి సిద్ధమవుతుంది కాబట్టి అలా జరుగుతుంది. ఈ సంగతి ముందే చెప్పేవాళ్లు లేక చాలామంది 'ఉన్నది కూడా పోతోంది' అని సీసా పక్కన పడేస్తారు. ఫలితం తెలియాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మానేస్తే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికే వస్తుంది.

ఫినాస్టెరైడ్‌కు జాగ్రత్తలు ఎక్కువ. కొద్దిమంది మగవాళ్లకు కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్యలు రావచ్చు. యూరప్ ఔషధ సంస్థ 2025 మే నెలలో ఈ మాత్రకు ఆత్మహత్య ఆలోచనలను దుష్ప్రభావంగా నిర్ధారించింది. మనసు దిగులుగా మారితే వెంటనే ఆపి డాక్టర్‌ను కలవాలి. గర్భిణులు, గర్భం దాల్చే అవకాశం ఉన్న మహిళలు దీన్ని వాడకూడదు. ఈ మాత్ర వేసుకునే మగవాళ్లు మానేసిన నెల వరకు రక్తదానం కూడా చేయకూడదు. మెడికల్ షాపులో సొంతంగా కొని మింగే మందు కాదిది.

పీఆర్‌పీ ఈ వరుసలో ఎక్కడ వస్తుందంటే.. వీటికి తోడుగా. మందులు వాడుతూ ఇంకొంచెం లాభం కావాలనుకునేవాళ్లకు, లేదా ఈ మందులు పడనివాళ్లకు. డీహెచ్‌టీని పీఆర్‌పీ ఆపలేదు. ఒకవైపు నీళ్లు పోస్తూ ఇంకోవైపు తూము తెరిచి ఉంచినట్టే.. అందుకే మందు లేకుండా ఒక్క పీఆర్‌పీ మీదే ఆధారపడినవాళ్లు మళ్లీ మళ్లీ క్లినిక్ మెట్లు ఎక్కాల్సి వస్తుంది.

లాభం కనిపించే అవకాశం ఉన్నది పల్చబడటం ఈ మధ్యే మొదలైనవాళ్లకు, సన్నగానైనా వెంట్రుకలు ఉన్నవాళ్లకు. అద్దంలా నున్నగా మెరిసే బట్టతల మీద పీఆర్‌పీ ఎక్కించినా మొలవడానికి అక్కడ కుదురే ఉండదు. అలాంటివాళ్లకు 'గ్యారంటీ' ఇచ్చే క్లినిక్ అబద్ధం చెబుతున్నట్టే. టైమ్ కూడా గుర్తుంచుకోవాలి. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. శ్రావణంలో పెళ్లి పెట్టుకుని ఆషాఢంలో పీఆర్‌పీ చేయిస్తే పెళ్లి ఫోటోల్లో సూదుల వాపు తప్ప ఇంకేం కనిపించదు!

రక్తంతో పని.. ఇక్కడ అజాగ్రత్త పనికిరాదు

సొంత రక్తమే కాబట్టి అలర్జీ భయం తక్కువ. నొప్పి, రెండు మూడు రోజుల వాపు, తలనొప్పి, నెత్తి ముట్టుకుంటే సలపరం.. సాధారణంగా ఇంతే. ప్లేట్‌లెట్స్ తక్కువ ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, నెత్తి మీద ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌కు చెప్పాలి. డెంగీ నుంచి అప్పుడే లేచినవాళ్లు అసలు ఆ ఊసే ఎత్తకూడదు.

కానీ రక్తం 'సొంతం' అన్నది ట్యూబు మారనంతవరకే. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో లైసెన్స్ లేని ఒక స్పాలో ముఖానికి పీఆర్‌పీ, సూదుల చికిత్స చేయించుకున్న మహిళల్లో కనీసం ముగ్గురికి హెచ్‌ఐవీ సోకిందని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఆ స్పాలో పేర్లు రాయని రక్తం ట్యూబులు, ఒకసారి వాడి పారేయాల్సిన పరికరాలను మళ్లీ వాడిన ఆనవాళ్లు దొరికాయి. అందం కోసం వెళ్లి జీవితాంతం మందులు మింగాల్సిన పరిస్థితి. హెపటైటిస్ బి, సి కూడా ఇదే దారిలో వస్తాయి.

మన దగ్గర జనం ఆత్రం ఎంతో 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఉప్పల్ భగాయత్‌లో కనిపించింది. బట్టతల మీద జుట్టు మొలిపించే మందు రాస్తామని ప్రచారం జరిగితే వందల మంది క్యూ కట్టి మరీ గుండు గీయించుకున్నారు. అక్కడ రాసింది పూత మందు. అదే ఆత్రంతో సూది దగ్గరకు వెళితే నష్టం చర్మంతో ఆగదు.

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ విషయంలో జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. యూట్యూబ్ వీడియోలు చూసి నేర్చుకుని చేయడం కుదరదని, శిక్షణ పొందిన డాక్టర్లే చేయాలని అందులో స్పష్టంగా ఉంది. పీఆర్‌పీ ఆపరేషన్ కాకపోయినా రక్తం, సూది ఉన్న పని. బ్యూటీ పార్లర్‌లోనో, సెలూన్ వెనక గదిలోనో చేయించుకునేది కాదు. ప్రైవేటు క్లినిక్ ఏదైనా జిల్లా వైద్యారోగ్య శాఖ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఆ సర్టిఫికెట్ గోడకు ఉందో లేదో చూడటానికి మొహమాటం అక్కర్లేదు.

కుర్చీలో కూర్చున్నాక చూడాల్సినవి కూడా ఉన్నాయి. సిరంజి, ట్యూబు కిట్ కళ్లముందే సీల్ విప్పాలి. రక్తం తీసిన వెంటనే ట్యూబు మీద పేరు రాయాలి. మిషన్ పక్క గదిలో ఉందని ట్యూబు తీసుకెళ్లిపోతే వెంట వెళ్లి చూడొచ్చు, అది పేషెంట్ హక్కు. సూది ఎక్కిస్తున్నది డాక్టరా, అసిస్టెంటా అని అడగాలి. మొదటి రోజే ఒకే వెలుతురులో, పొడి జుట్టుతో, ఒకే కోణంలో సొంత ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకోవాలి. క్లినిక్ ఫోటోల్లో మొదటిది ట్యూబ్‌లైట్ కింద తడి జుట్టుతో, రెండోది మెత్తటి వెలుతురులో దువ్విన జుట్టుతో తీస్తే ఏ మందూ లేకుండానే తేడా వచ్చేస్తుంది.

ఇంకో మాట. పీఆర్‌పీ గురించి అడగడానికి వెళ్తే 'అది పాతది.. జీఎఫ్‌సీ చేయించుకోండి, ఎగ్జోసోమ్స్ చేయించుకోండి' అంటూ రేటు పెంచడం ఇప్పుడు కొత్త పద్ధతి. జీఎఫ్‌సీ అంటే ప్లేట్‌లెట్స్ నుంచి గ్రోత్ ఫ్యాక్టర్లను వేరు చేసి ఇవ్వడం. దాని మీద ఉన్న పరీక్షలు పీఆర్‌పీ కన్నా ఇంకా తక్కువ. ఎగ్జోసోమ్స్ అయితే సొంత రక్తం నుంచి వచ్చేవి కూడా కావు, సీసాలో అమ్మే ఉత్పత్తులు. అనుమతి లేని ఎగ్జోసోమ్ ఉత్పత్తులపై ఎఫ్‌డీఏ 2019 డిసెంబర్‌లోనే హెచ్చరిక జారీ చేసింది.

కోయిలకుంట్ల నుంచి వెళ్లేవాళ్లకు మొదటి మెట్టుగా ప్రైవేటు ప్యాకేజీ అక్కర్లేదు. కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం ఉంది. 2023లో మెడికల్ కాలేజీ వచ్చాక నంద్యాల పెద్దాసుపత్రి కూడా బోధనాసుపత్రి అయింది. ఓపీ చీటీ రాయించుకుని నెత్తి చూపించుకుంటే ఇది బట్టతలా, జ్వరం తర్వాతి ఊడటమా, రక్తం తక్కువై ఊడుతోందా అన్నది అక్కడే తేలుతుంది. డాక్టర్ మందు రాస్తే ఆరు నెలలు వదలకుండా వాడి, మొదటి రోజు ఫోటో పక్కన పెట్టి చూసుకోవచ్చు. అప్పటికీ పీఆర్‌పీ వైపు మనసు లాగితే నాలుగు సిట్టింగ్‌ల డబ్బు ఒకేసారి కట్టకుండా ఒక్కోదానికి ఒక్కోసారి కట్టడం మేలు. మూడు సార్లు చేయించాక, మరో మూడు నెలలకు కూడా ఫోటోలో తేడా లేకపోతే నాలుగోదానికి వెళ్లాల్సిన పని లేదు.